ముందే ఖాయమయ్యే లాభం, మిగిలితేనే జీతం

2017 ఏప్రిల్ చివర్లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ, వేతన ఒప్పందం గడువు ఇంకా ఉండగానే, తన పైలట్లకూ విమాన సహాయకులకూ జీతాలు పెంచుతున్నట్టు ప్రకటించింది. పోటీ సంస్థల్లో అదే పని చేస్తున్నవారి కన్నా తమవారికి తక్కువ అందుతోందని, ఆ తేడాను తగ్గించదలిచామని యాజమాన్యం కారణం చెప్పింది. సంస్థ అప్పుడు నష్టాల్లో లేదు. అయినా ఆ రోజు దాని షేరు ధర 5 శాతానికి పైగా పడిపోయింది. ఒక పెద్ద బ్యాంకు విశ్లేషకుడు తన నివేదికలో, మళ్ళీ ఉద్యోగులకే ముందు చెల్లిస్తున్నారని, వాటాదారులకు మిగిలింది మాత్రమే దక్కుతోందని నిష్ఠూరమాడాడు.

ఆ నిష్ఠూరాన్ని ఒక వ్యక్తి నోటిదురుసుగా తీసిపారేయడానికి వీల్లేదు. కంపెనీ అనే ఏర్పాటును సమర్థించే సిద్ధాంతానికి అది పూర్తిగా తలకిందులైన మాట. అయినా మార్కెట్ దానిని న్యాయమైన ఫిర్యాదుగానే స్వీకరించింది. సిద్ధాంతం ప్రకారం సంస్థకు వచ్చిన రాబడిలోంచి సరుకు ఇచ్చినవారి బాకీ, అప్పు ఇచ్చినవారి వడ్డీ, పనిచేసినవారి జీతం, ప్రభుత్వ పన్ను చెల్లించాక ఏమైనా మిగిలితే అది వాటాదారులది. మిగలకపోతే వారికి ఏమీ రాదు. ఆ అనిశ్చితిని భరిస్తున్నారన్న కారణంతోనే డైరెక్టర్లను ఎన్నుకునే హక్కు, సంస్థ ఎటు నడవాలో తేల్చే హక్కు వారికి దక్కాయి. ఉద్యోగి జీతం ముందే ఖాయమై ఉంటుంది కనుక అతనికి నిర్ణయాల్లో పాలు అక్కర్లేదన్నది ఆ వాదనకు రెండో సగం. గడచిన నాలుగు దశాబ్దాల్లో ఈ రెండు స్థానాలూ తారుమారయ్యాయి. వాటాదారుకు అందవలసిన ప్రతిఫలం త్రైమాసికానికి ముందే అంకెల్లో ప్రకటితమవుతోంది. ఆ అంకె తప్పకుండా ఉండేందుకు జీతాలు, పని గంటలు, ఉద్యోగుల సంఖ్య సర్దుబాటు అవుతున్నాయి. అనిశ్చితి కార్మికుడి మీదికి వచ్చింది, నిర్ణయాధికారం మాత్రం దాని వెంట రాలేదు, వాటాదారు దగ్గరే ఉండిపోయింది. కార్మికుల బతుకుదెరువు కుంగిపోవడాన్ని అర్థం చేసుకోవాలంటే ఈ మార్పిడి నుంచే మొదలుపెట్టాలి.

లాభానికీ జీతానికీ మధ్య పోటీ కొత్తది కాదు. 1914 జనవరిలో హెన్రీ ఫోర్డ్ తన కార్ఖానాలో 9 గంటల పనికి ఇస్తున్న సుమారు 2.34 డాలర్ల కూలిని 8 గంటల పనికి 5 డాలర్లుగా చేశాడు. అది కేవలం ఔదార్యం కాదు. అసెంబ్లీ లైను పని భరించలేక మనుషులు మానేస్తూ ఉంటే, కొత్తవారిని చేర్చుకొని నేర్పించడానికే తడిసి మోపెడవుతోంది. పైగా ఆ పూర్తి మొత్తం అందుకోవాలంటే కార్మికుడి ఇంటి నడవడిని కంపెనీ మనుషులు వచ్చి తనిఖీ చేసేవారు. 1916లో ఫోర్డ్ ప్రత్యేక డివిడెండ్లు, అంటే వాటాదారులకు పంచే లాభం, ఆపి ఆ డబ్బును విస్తరణకూ కార్ల ధర తగ్గించడానికీ వాడతానన్నప్పుడు వాటాదారులైన డాడ్జ్ సోదరులు కోర్టుకు వెళ్ళారు. 1919లో మిషిగన్ సుప్రీంకోర్టు, వ్యాపార సంస్థ ప్రధానంగా వాటాదారుల లాభం కోసమే నడుస్తుందని చెబుతూ 1.93 కోట్ల డాలర్ల డివిడెండ్ చెల్లించమంది. అయితే అదే తీర్పు విస్తరణ నిర్ణయంలో జోక్యానికి నిరాకరించింది. డైరెక్టర్లకు చాలా వెసులుబాటు ఉందని, వాటాదారుకు తప్ప మరెవరికీ ఏమీ ఇవ్వకూడదని చట్టం ఎక్కడా నిర్బంధించలేదని గుర్తుంచుకోవాలి. నేడు యాజమాన్యాలు తమ చేతులు చట్టం చేత కట్టివేయబడ్డాయని చెప్పుకోవడంలో నిజం పాలు తక్కువ.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత పాతికేళ్ళ పాటు ఆ వెసులుబాటు కార్మికుల వైపు కూడా పనిచేసింది. 1950లో జనరల్ మోటార్స్ సంస్థ, మోటారు కార్మికుల సంఘం కుదుర్చుకున్న ఐదేళ్ళ ఒప్పందంలో ధరలతో పాటు పెరిగే వేతనం, పింఛను, వైద్య ఖర్చు చేరాయి. కంపెనీ లాభాన్ని లెక్క వేసుకోవడానికి ముందే ఇవన్నీ తీరవలసిన బాకీలు. అమెరికాలో అప్పట్లో దాదాపు మూడో వంతు కార్మికులు సంఘాల్లో ఉండడమే దీనికి ఊతం. నల్లజాతి కార్మికులకూ స్త్రీలకూ ఆ ఒప్పందాల ఫలం సమానంగా అందలేదు కాబట్టి దానిని స్వర్ణయుగంగా చూపడం సరికాదు. అయినా ఉత్పాదకత పెరిగినంతగా సగటు కార్మికుడి సంపాదన కూడా పెరిగిన కాలం అది. ఆ తరువాత రెండు గీతలూ విడిపోయాయి. అమెరికాలోని పరిశోధన సంస్థ ఎకనామిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్క ప్రకారం 1979 నుంచి 2020 వరకు అక్కడ ఉత్పాదకత 61.8 శాతం పెరగగా సాధారణ కార్మికుడి గంట వేతనం, ధరల పెరుగుదల తీసివేశాక, 17.5 శాతమే పెరిగింది.

ఈ చీలిక వెనుక ముందుగా ఒక ఆలోచన, ఆ వెంటనే కొన్ని నిబంధనలు ఉన్నాయి. 1970 సెప్టెంబరులో ఆర్థికవేత్త మిల్టన్ ఫ్రీడ్‌మన్, చట్టం గీసిన హద్దుల్లో లాభం పెంచడమే వ్యాపారానికి ఉన్న సామాజిక బాధ్యత అని వాదించాడు. 1976లో మరో ఇద్దరు ఆర్థికవేత్తలు మైకేల్ జెన్సెన్, విలియం మెక్లింగ్ మేనేజర్లను వాటాదారుల ఏజెంట్లుగా చూపి, ఏజెంటు దారి తప్పకుండా అతని ఆదాయాన్ని యజమాని ఆదాయానికి ముడిపెట్టే ఆలోచనకు పునాది వేశారు. 1981లో అమెరికా ప్రభుత్వం సమ్మె చేసిన 11 వేల మందికి పైగా విమాన రాకపోకల నియంత్రణ ఉద్యోగులను ఒక్క దెబ్బతో తొలగించడం, సమ్మె చేసినవారిని తీసివేయడానికి ఇక సంకోచించనక్కర్లేదన్న సంకేతంగా ప్రైవేటు యాజమాన్యాలకు అందింది. అదే ఏడాది జనరల్ ఎలక్ట్రిక్ పగ్గాలు చేపట్టిన జాక్ వెల్చ్ హయాంలో, అమ్మేసిన విభాగాలను కలుపుకొని, ఉద్యోగుల సంఖ్య ఐదేళ్ళలో 4.11 లక్షల నుంచి 2.99 లక్షలకు దిగింది. షేరు ధర పైకి లేచింది. ఆ పద్ధతి నిర్వహణ విద్యకు నమూనా అయింది. రిటైరయ్యాక 2009లో ఆయనే ఒక పత్రికతో మాట్లాడుతూ, వాటాదారుల విలువనే వ్యూహంగా పెట్టుకోవడం తెలివితక్కువ ఆలోచన అన్నాడు. అప్పటికి ఆ నమూనా ప్రపంచమంతా పాకిపోయింది.

నిబంధనల్లో అన్నిటికన్నా ఎక్కువ ప్రభావం చూపింది 1982లో అమెరికా షేర్ల నియంత్రణ సంస్థ తెచ్చిన 10బి-18 నిబంధన. కంపెనీ తన షేర్లను తానే బజారులో కొనుక్కుంటే ధరను కృత్రిమంగా పెంచుతోందన్న ఆరోపణ రావచ్చు. కొన్ని పరిమితులు పాటిస్తే ఆ ఆరోపణ నుంచి రక్షణ ఉంటుందని ఈ నిబంధన చెప్పింది. ఆ పైన 1993లో పది లక్షల డాలర్లు దాటిన అధికారుల జీతానికి పన్ను మినహాయింపు తీసివేస్తూ, పనితీరుతో ముడిపడిన చెల్లింపులను మాత్రం వదిలేశారు. అతి జీతాలను అదుపు చేయడానికి తెచ్చిన ఆ చట్టంతో చెల్లింపులు స్టాక్ ఆప్షన్ల వైపు, అంటే ముందే ఖాయం చేసిన ధరకు కంపెనీ షేర్లు కొనుక్కునే హక్కుల వైపు, మళ్ళాయి. ఈ రెండూ కలిస్తే జరిగేది చాలా సరళమైన లెక్క. ఒక సంస్థ లాభం వంద రూపాయలు, షేర్లు వంద ఉంటే ఒక్కో షేరుకు రూపాయి వస్తుంది. పది షేర్లను సంస్థే కొని రద్దు చేస్తే, కొత్తగా ఒక్క వస్తువు అమ్మకుండానే, ఒక్కో షేరుకు రూపాయి పదకొండు పైసలు వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ అంకె మీదే సీఈఓ బోనస్ ఆధారపడి ఉంటే అతని కలం ఎటు మొగ్గుతుందో చెప్పనక్కర్లేదు. ఆర్థికవేత్త విలియం లాజోనిక్ పరిశీలనలో, 2003 నుంచి 2012 వరకు అమెరికాలోని అతిపెద్ద కంపెనీలు తమ నికర లాభంలో 54 శాతాన్ని ఇలాంటి బైబ్యాక్‌లకు, 37 శాతాన్ని డివిడెండ్లకు ఖర్చు చేశాయి. వేతనాల పెంపుకూ, శిక్షణకూ, కొత్త యంత్రాలకూ లాభాల్లోంచి మిగిలింది పదో వంతు కన్నా తక్కువ. 1965లో సాధారణ కార్మికుడి ఆదాయానికి సుమారు 20 రెట్లున్న పెద్ద కంపెనీల సీఈఓల ఆదాయం 2023లో 290 రెట్లయింది.

జమాఖర్చుల పద్ధతి కూడా ఇదే దిశలో తోస్తుంది. కంపెనీ ఒక యంత్రం కొంటే అది ఆస్తిగా నమోదై, దాని ధర పదేళ్ళ మీద కొద్దికొద్దిగా ఖర్చుగా పడుతుంది. ఒక మనిషికి ఏడాది పాటు పని నేర్పిస్తే ఆ మొత్తం ఏ త్రైమాసికానిది ఆ త్రైమాసికంలోనే ఖర్చు. అతని నైపుణ్యం ఏ ఆస్తి జాబితాలోనూ ఉండదు. కాబట్టి ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న కార్మికుణ్ణి తొలగించిన రోజున ఆ నైపుణ్యం పోయిన నష్టం ఖాతాల్లో కనిపించదు, వచ్చే త్రైమాసికపు పొదుపు మాత్రం వెంటనే కనిపిస్తుంది. గూగుల్ మాతృసంస్థ ఆల్ఫాబెట్ 2022లో దాదాపు 6,000 కోట్ల డాలర్ల నికర లాభం గడించి, 2023 జనవరిలో 12,000 మందిని తొలగిస్తున్నట్టు చెప్పి, ఏప్రిల్‌లో 7,000 కోట్ల డాలర్ల బైబ్యాక్‌కు అనుమతి ఇచ్చుకుంది. ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా 2022 నవంబరులో 11,000 మందిని తొలగించి, 2023 ఫిబ్రవరిలో మరో 4,000 కోట్ల డాలర్ల బైబ్యాక్ ప్రకటించి, మార్చిలో ఇంకో 10,000 ఉద్యోగాలు తీసేస్తామంది. ఒకప్పుడు ఉద్వాసన అంటే సంస్థ కష్టాల్లో ఉందన్న సూచన. ఇప్పుడు లాభాల్లో ఉన్న సంస్థ ఇంకాస్త లాభం చూపడానికి వాడే సాధనం కూడా అదే.

ఇలా పని పోయినవాడు మరో చోట కుదురుకుంటాడన్న ఊరడింపు మాటకు ఆధారాలు బలంగా లేవు. లూయిస్ జేకబ్సన్, రాబర్ట్ లలోండ్, డేనియల్ సలివన్ 1993లో ప్రచురించిన పరిశోధన, పెన్సిల్వేనియాలో చాలాకాలంగా ఉన్న ఉద్యోగం మూకుమ్మడి తొలగింపుల్లో పోయినవారి సంపాదన ఐదారేళ్ళ తరువాత కూడా సుమారు 25 శాతం తక్కువగానే ఉందని చూపింది. అదే రాష్ట్రపు సమాచారంతో సలివన్, టిల్ వాన్ వాక్టర్ 2009లో చేసిన పరిశీలనలో, ఇలా పని పోయిన అనుభవజ్ఞులైన పురుషుల మరణాల రేటు మరుసటి ఏడాది 50 నుంచి 100 శాతం దాకా ఎక్కువగా కనిపించింది. షేరు ధర మీద ఉద్వాసన ప్రభావం కొన్ని రోజుల్లో తేలిపోతుంది. ఒక ఇంటి మీద దాని ప్రభావం ఆ ఇంటి పెద్ద ఆయుష్షు దాకా పోతోంది. ఈ రెండో లెక్క కంపెనీ ఖాతాల్లో ఎక్కడా ఉండదు కాబట్టి అది లేనట్టే నిర్ణయాలు జరిగిపోతున్నాయి.

ఉద్యోగాన్ని తీసేయకుండానే బాధ్యతను వదిలించుకునే మార్గం కాంట్రాక్టు. ఊడ్చేవారు, కాపలావారు, సరుకు మోసేవారితో మొదలై, అసలు ఉత్పత్తి చేసేవారి దాకా అది పాకింది. ఒకే గేటులోంచి వచ్చి ఒకే పని చేసే ఇద్దరిలో ఒకరి జీతం కంపెనీ ఇస్తుంది, మరొకరి కూలి కాంట్రాక్టరు చేతి మీదుగా వస్తుంది. రెండోవాడు పెంపు అడిగితే కాంట్రాక్టరు కంపెనీ ఇచ్చే రేటును చూపిస్తాడు, కంపెనీ కాంట్రాక్టరును చూపిస్తుంది. గొలుసు ఎంత పొడవైతే చివరి మనిషి అంత ఒంటరి. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లోని సావర్‌లో రానా ప్లాజా భవనం కూలి 1,134 మంది చనిపోయారు. ముందురోజే గోడలు బీటలు వారితే కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పై అంతస్తుల్లోని కుట్టు కార్మికులను మాత్రం లోపలికి పంపారు. పనిలోకి రాకపోతే కూలి పోతుందని బెదిరించారు. నెలకు 3,000 టాకాల కనీస వేతనం మీద బతికేవారికి ఆ బెదిరింపు చాలు. ఆర్డరు గడువు తప్పితే నష్టం ఫ్యాక్టరీ యజమానిది, ఫ్యాక్టరీ కూలితే ప్రాణం కార్మికుడిది, తక్కువ ధరకు కొన్న చొక్కా మీది లాభం దూరాన ఉన్న బ్రాండ్లది. ఈ పంపకం ఎవరో ఒకరి దుర్మార్గం వల్ల ఒక్కరోజులో ఏర్పడలేదు; ప్రతి మెట్టు దగ్గరా మార్జిన్‌ను కాపాడుకొని ఒత్తిడిని కింది మెట్టుకు తోయడం వల్ల ఏర్పడింది.

గిగ్ పనిలో కాంట్రాక్టరు కూడా లేడు, ఫోనులోని యాప్ మాత్రమే ఉంది. బండి, ఇంధనం, ప్రమాదం, ఖాళీగా ఎదురుచూసే సమయం అన్నీ పనిచేసేవాడివే. ఒక్కో ట్రిప్పుకు ఎంత ఇవ్వాలో మాత్రం కంపెనీ నిర్ణయిస్తుంది. బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ డ్రైవర్లను స్వతంత్ర వ్యాపారులుగా పరిగణించడం కుదరదని, కనీస వేతనం, సెలవు జీతం హక్కులున్న కార్మికులుగా చూడాలని తేల్చింది. కాలిఫోర్నియాలో అందుకు విరుద్ధంగా, 2020 నవంబరులో యాప్ కంపెనీలు ప్రచారానికి 20 కోట్ల డాలర్లు దాటి ఖర్చు పెట్టి, డ్రైవర్లను ఉద్యోగులుగా చూడనక్కర్లేని చట్టాన్ని ప్రజాభిప్రాయ సేకరణలో గెలిపించుకున్నాయి. ఉద్యోగి అన్న ఒక్క మాటకు అంత వెల కట్టారంటే ఆ మాట వెనుక ఎన్ని బాధ్యతలు ఉన్నాయో ఊహించవచ్చు.

భారతదేశంలో ఇదే ధోరణిని ప్రభుత్వ పత్రాలే నమోదు చేశాయి. 2019 సెప్టెంబరులో కార్పొరేట్ పన్ను మూల రేటును 30 నుంచి 22 శాతానికి, కొత్త తయారీ సంస్థలకు 15 శాతానికి తగ్గించినప్పుడు పెట్టుబడులు, ఉద్యోగాలు వస్తాయన్నారు. 2023-24 ఆర్థిక సర్వే, 33 వేలకు పైగా కంపెనీల పన్నుకు ముందరి లాభం 2020, 2023 ఆర్థిక సంవత్సరాల మధ్య దాదాపు నాలుగు రెట్లయిందని, నియామకాలు, జీతాలు ఆ వేగాన్ని అందుకోలేదని రాసింది. మరుసటి ఏడాది సర్వే, 2023-24లో పెద్ద కంపెనీల లాభాలు 22.3 శాతం పెరగగా ఉద్యోగాలు 1.5 శాతమే పెరిగాయని, లాభాలు దేశ ఆదాయంలో 4.8 శాతానికి చేరి పదిహేనేళ్ళ గరిష్ఠాన్ని తాకాయని చెప్పింది. వ్యవస్థీకృత కర్మాగారాల్లో కాంట్రాక్టు కార్మికుల వాటా 40 శాతం దాటింది. ఈ నేపథ్యంలోనే 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కార్మిక చట్టాలు, లేబర్ కోడ్‌లు, తొలగింపులకు ప్రభుత్వ ముందస్తు అనుమతి తప్పనిసరి అయ్యే పరిమితిని 100 మంది కార్మికుల నుంచి 300కు పెంచాయి. గిగ్ కార్మికుల సామాజిక భద్రతకు యాప్ సంస్థలు తమ టర్నోవరులో 1 నుంచి 2 శాతం ఇవ్వాలన్న నిబంధన మేలైనదే. కానీ ఆ డబ్బు నిధిలోకి వెళ్తుంది తప్ప, ట్రిప్పు రేటు మీద కార్మికుడికి బేరమాడే హక్కు ఇవ్వదు.

ఇదంతా యంత్రాల వల్ల, సాంకేతిక మార్పు వల్ల జరిగిందే తప్ప లాభాపేక్ష వల్ల కాదన్న వాదనను పక్కన పెట్టకూడదు. అంతర్జాతీయ ద్రవ్యనిధి 2017లో చేసిన అధ్యయనం, సంపన్న దేశాల్లో కార్మికుల ఆదాయ వాటా తగ్గడంలో దాదాపు సగానికి సాంకేతికతే కారణమంది. ఆ సగాన్ని అంగీకరించినా, ఏ యంత్రాన్ని ఎందుకు పెడతారు, దానివల్ల మిగిలిన డబ్బు ఎవరికి చేరుతుంది అన్న ప్రశ్నలు యంత్రం తేల్చేవి కావు. అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనాలో, ప్రపంచ ఆదాయంలో శ్రమ వాటా 2004 నుంచి 2024 నాటికి 1.6 శాతం పాయింట్లు తగ్గి 52.4 శాతానికి చేరింది. ఆ తగ్గుదలలో దాదాపు 40 శాతం 2020-2022 మధ్యనే జరిగింది. ఆ మూడేళ్ళలో ప్రపంచం చూసింది కోవిడ్ మహమ్మారిని, దాని భారాన్ని ఎవరు మోశారన్నదే ఆ అంకెలో ఉంది.

ఆ కాలంలోనే అమెరికా విమాన సంస్థల ఉదంతం ఈ పంపకాన్ని బయటపెట్టింది. అంతకు ముందు దశాబ్దంలో చేతికి వచ్చిన మిగులు నగదులో అత్యధిక భాగాన్ని బైబ్యాక్‌లకు ఖర్చు చేసిన పెద్ద సంస్థలు, 2020 మార్చిలో ప్రయాణాలు ఆగిపోయేసరికి జీతాలు ఇవ్వలేమంటూ ప్రభుత్వాన్ని ఆశ్రయించాయి. చట్టసభ 2,500 కోట్ల డాలర్లు జీతాల కోసం ఇచ్చింది. సెప్టెంబరు నెలాఖరుతో ఆ సాయం గడువు ముగియగానే అమెరికన్, యునైటెడ్ సంస్థలు కలిసి 32,000 మందికి పైగా ఉద్యోగులను ఇంటికి పంపాయి. అయితే ఆ సాయానికి ఒక షరతు పెట్టారు: నిర్ణీత కాలం వరకు షేర్లు తిరిగి కొనరాదు, డివిడెండ్ ఇవ్వరాదు. ఆ షరతు అమలైంది, దానివల్ల ఏ విమానమూ ఆగిపోలేదు. వాటాదారుకు ముందు, కార్మికుడికి తరువాత అన్న వరుసను ప్రజల డబ్బు చేతిలో ఉన్న ప్రభుత్వం ఒక్క సంతకంతో మార్చగలిగింది.

రానా ప్లాజా తరువాత కూడా మార్పు తెచ్చింది బ్రాండ్ల స్వచ్ఛంద ప్రకటనలు కాదు, కార్మిక సంఘాలతో అవి కుదుర్చుకున్న, కోర్టులో నిలబడే భద్రతా ఒప్పందం. దానికి పక్కనే 2019 ఆగస్టులో 181 మంది అమెరికన్ సీఈఓలు ఇకపై ఉద్యోగుల, సమాజపు మేలు కూడా చూస్తామని చేసిన ప్రకటనను పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. అందులో ఎవరినీ కట్టిపడేసే ఒక్క వాక్యమూ లేదు. జర్మనీలో 2,000 మందికి మించి ఉద్యోగులున్న కంపెనీల పర్యవేక్షక మండలిలో సగం స్థానాలు 1976 నుంచి చట్టప్రకారం ఉద్యోగుల ప్రతినిధులవి. ఓట్లు సమానమైతే నిర్ణాయక ఓటు వాటాదారుల వైపున్న అధ్యక్షుడిదే కాబట్టి అది సమాన అధికారం కాదు, అక్కడ తక్కువ జీతపు చిరు ఉద్యోగాలు పెరగకుండా అది ఆపలేదు కూడా. కానీ 2009లో ఆ దేశ ఉత్పత్తి 5 శాతానికి పైగా పడిపోయినప్పుడు, కంపెనీలు మనుషులను కాక పని గంటలను తగ్గించాయి, తగ్గిన జీతంలో కొంత ప్రభుత్వం భరించింది, నిరుద్యోగం దాదాపు పెరగలేదు. 2024 చివర్లో ఫోక్స్‌వాగన్ జర్మనీలో కర్మాగారాలు మూసేస్తామని, జీతాలు కోస్తామని పట్టుబట్టినప్పుడు సమ్మెలు, సుదీర్ఘ చర్చలు నడిచాయి. చివరికి 2030 నాటికి 35,000 ఉద్యోగాలు తగ్గుతాయి, కానీ బలవంతపు తొలగింపులు ఉండవు, ఏ కర్మాగారమూ వెంటనే మూతపడదు అన్న ఒప్పందం కుదిరింది. కార్మికులు జీతాల పెంపును వాయిదా వేసుకున్నారు, బోనస్‌లో కొంత వదులుకున్నారు. వారు కూడా నష్టపోయారు. అయితే ఎంత నష్టపోవాలో తేల్చిన గదిలో వారి ప్రతినిధులు కూర్చుని ఉన్నారు.